బాలనర్సయ్య చేతులు

బచ్చన్నపేటలో నాకు విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. నా పేరు వెంకట్రాజం. నేను రాయాలనుకున్నది బాలనర్సయ్య గురించి. కానీ ఎక్కడ మొదలుపెట్టినా నేనే అడ్డం వస్తున్నాను. మూడుసార్లు రాసి చించేశాను. రాసిన ప్రతిసారీ నేను కొంచెం మంచివాడిగా తేలుతున్నాను. ఛీ, వెధవ బుద్ధి, కాగితం మీద కూడా మారదు. అందుకే ముందే చెప్పేస్తున్నాను. ఇందులో తప్పు చేసింది నేను. చదువుతూ మధ్యలో నన్ను తిట్టాలనిపిస్తే ఆపుకోకండి.

బాలనర్సయ్యది మా మండలంలోనే ఒక చిన్న పల్లె. ఎకరన్నర చెలక భూమి, రెండు గదుల రేకుల ఇల్లు, భార్య భాగ్యమ్మ, లారీ తోలే కొడుకు రవి. మనిషి బక్కగా, పొడుగ్గా ఉంటాడు. అతని బతుకంతా పిట్టలతోనే గడిచింది. ఎనిమిదేళ్ళప్పుడు బడి మాన్పించి జొన్నచేలో మంచె ఎక్కించారు. వడిసెలతో రాయి విసిరి పిట్టల్ని లేపడం పని. రాయి పిట్ట పక్కన పడాలి గానీ పిట్టకు తగలకూడదు. ఒకసారి గురితప్పి గోరింకకు తగిలితే, వాళ్ళ నాయిన మంచె దింపి వీపు పగలగొట్టాడట. "తోలమన్న గని సంపమన్ననారా?" అన్నాడట. ఈ ముచ్చట బాలనర్సయ్య నాకు పదిసార్లు చెప్పి ఉంటాడు.

తర్వాత జొన్న పోయి పత్తి వచ్చింది. మంచెలు పోయి పంపులు వచ్చాయి. బాలనర్సయ్య వీపుకు పంపు తగిలించుకుని కూలికి మందు కొట్టేవాడయ్యాడు. ఇరవై ఎనిమిదేళ్ళు అదే పని. మూతికి తువ్వాల కట్టుకునేవాడు, కాళ్ళకు చెప్పులు కూడా ఉండేవి కావు. రైతులు నా దగ్గర మందు కొని, నా దుకాణం అరుగు మీద కూర్చున్న బాలనర్సయ్యను వెంటబెట్టుకుని పోయేవారు. చేతులు కడగకుండా బీడీ ముట్టిస్తే నేను కేకలేసేవాణ్ణి.

"సేటూ, నువ్వు అమ్ముతవు, నేను కొడ్త. పోతె ఇద్దరం ఒక్క నరకానికే పోతం. అక్కడిదాంక బీడీ తాగనియ్యి" అనేవాడు. ఆ మాటకు అరుగు మీదున్న వాళ్ళంతా నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి.

రెండు వేల ఇరవై రెండులో, వానలకు ముందు, హిమజ అనే అమ్మాయి వచ్చింది. హన్మకొండ పిల్ల, హైదరాబాద్‌లో పరిశోధన చేస్తోంది. పొలాల్లో తిరిగే పిట్టల ఒంట్లోకి పురుగుమందు ఎంత చేరుతోందో కనిపెట్టడం ఆమె పని. దానికి మూడు చోట్లు ఎంచుకుంది. మా బచ్చన్నపేట పత్తిచేలు ఒకటి, మానుకోట దిక్కు ఒక తండా ఒకటి, భూపాలపల్లి జిల్లాలో టేకుమట్ల ఒకటి. ఒక్కో చోట ఒక మనిషి కావాలి. ఆ మనిషి వారానికి రెండు రోజులు తెల్లారగానే ఒకే దారిన రెండు కిలోమీటర్లు నడవాలి. కనబడిన పిట్టల్ని లెక్కపెట్టాలి. రాలిన ఈకలు, పగిలిన గుడ్ల పెంకులు, చచ్చిన పిట్టలు దొరికితే ఏరి తేదీ వేసిన కవర్లలో పెట్టాలి. నెలకోసారి ఆమె వచ్చి మంచుపెట్టెలో వేసుకుని తీసుకుపోతుంది.

పిట్టల్ని గొంతును బట్టి చెప్పగలిగేవాడు ఎవరని ఊళ్ళో అడిగితే అందరూ బాలనర్సయ్య పేరే చెప్పారు. మందు కొట్టే మనిషని తెలిసి హిమజ వెనకాడింది. ఈ పని చేసినన్నాళ్ళూ పంపు ముట్టకూడదంది. నేనైతే ఒప్పుకోడనుకున్నాను, అతనికి తెలిసిన పని అదొక్కటే. మూడో రోజు పొద్దున్నే వచ్చి, పంపు కడిగి బామ్మర్ది ఐలేశ్‌కు ఇచ్చేశానని చెప్పాడు.

"ఏంది నర్సయ్యా, పిచ్చి గిట్ల లేసిందా?" అన్నాను.

"నా చేతుల మీదికెల్లి ఎన్ని సచ్చినయో నాకెర్క లేదు సేటూ. బతికున్నయన్న జర లెక్కవెడ్త" అన్నాడు.

అతనికి సంతకం తప్ప రాత రాదు. అంగీకి అదనంగా జేబులు కుట్టించుకున్నాడు. గువ్వ కనబడితే ఒక చింతగింజ, గోరింకకు కందిగింజ, కొంగకు బొబ్బెర గింజ, పాలపిట్టకు సీతాఫలం గింజ జేబులో వేసుకునేవాడు. పత్తిగింజ మాత్రం వాడేవాడు కాదు. దానికి మందు పూత ఉంటుందని అతనికి తెలుసు. నడక అయ్యాక దుకాణానికి వచ్చి గింజలన్నీ నా బల్ల మీద గుమ్మరించేవాడు. నేను వేరుచేసి, లెక్కపెట్టి, హిమజ ఇచ్చిన కాగితంలో రాసేవాణ్ణి. సగం కనబడిన పిట్టకు గింజ వేసేవాడు కాదు. ఒకరోజు ఇంటిదాకా పోయి, మళ్ళీ ఎండలో నడిచొచ్చాడు.

"సేటూ, ఇందాక పాలపిట్టలు మూడని రాసినవు గదా. రెండే రాయి. మూడోది మొదటిదే గావచ్చు, చెట్టు మారింది."

"ఒక్క పిట్టకు ఏమైతదయ్యా?"

"ఏమైతదో నాకెట్ల ఎర్క? చదువుకున్న పిల్ల అడిగింది, ఉన్నదే చెప్పాలె."

హిమజ ఇచ్చిన చేతి తొడుగులు వేసుకునేవాడు. అవి వేసుకునే ముందు కూడా కుంకుడు నురగతో మోచేతుల దాకా రుద్దుకునేవాడు. ఆ ఏడు బతుకమ్మ పండుగ నాడు రవికి ఆడపిల్ల పుట్టింది. పూజ అని పేరు పెట్టారు. పసిపిల్లను ఎత్తుకునే ముందు కూడా అట్లాగే కడుక్కునేవాడట. రవి లారీ మీద, కోడలు కూలికి. పొద్దంతా పిల్ల ఉండేది తాత భుజం మీదే. దుకాణానికి ఎత్తుకొచ్చి, అరుగు కింద నిలబెట్టి, పిచ్చుకల్ని చూపించి వాటి పేర్లు చెప్పేవాడు. పిల్లకు అప్పటికి మాటలే రాలేదు.

ఇక నా సంగతి. పురుగుమందులు అమ్మేవాడంటే జనానికి లోపల ఒక చులకన ఉంటుంది, ముఖం మీద ఎవరూ అనరు గానీ. పిట్టల మేలు కోరే పనిలో నేనూ ఒక చెయ్యి వేశానని పేరు వస్తే బాగుండుననిపించింది. కవర్లు పెట్టడానికి మంచి ఫ్రిజ్జు ఎవరింట్లో ఉందని హిమజ అడగ్గానే ముందుకు దూకాను.

"మా ఇంట్ల పెట్టమ్మా. పైన ఇల్లు, కింద దుకాణం. మా ఫ్రిజ్జుకు గుడ్డు వాసన గూడ తెల్వది."

"పైననే పెట్టాలె అంకుల్. దుకాణంల మాత్రం వద్దు. మందుల దుమ్ము కొంచెం సోకినా మొత్తం ఖరాబైతది."

"అంత తెల్వనోన్నా అమ్మా?" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను.

మేము కోమట్లం. మా సరస్వతి వంటింటి పక్కనే దేవుని అర్ర. నైవేద్యానికి తెచ్చిన పాలు అదే ఫ్రిజ్జులో ఉంటాయి. మొదటి నెల ఈకల కవర్లే వచ్చాయి కాబట్టి మా ఆవిడ మూతి ముడుచుకుని ఊరుకుంది. రెండో నెలలో బాలనర్సయ్యకు చెరువు పక్కన చచ్చిన కొంగ దొరికింది. కవరు చాలక దాని కాలు ఒకటి బయటికి వచ్చింది. పొద్దున్నే స్నానం చేసి పాల కోసం తలుపు తీసిన సరస్వతికి గిన్నె మీద ఆ కాలు కనబడింది. ఆమె కేకకు కింద దుకాణంలో ఉన్న నేను మెట్ల మీద పడుతూ లేస్తూ పరుగెత్తాను.

"ఇంట్ల పీనుగను వెట్టుకోని దేవునికి దీపం ఎట్ల ముట్టియ్యాలె? అదన్న ఉండాలె, నేనన్న ఉండాలె" అంది. అని ఊరుకోలేదు, రెండు రోజులు పొయ్యి ముట్టించలేదు.

సరే, హిమజకు ఫోన్ చేసి, అమ్మా మా ఇంట్లో కుదరదు, ఇంకో చోటు చూసుకో అంటే సరిపోయేది. నోరు రాలేదు. అంత గొప్పగా చెప్పుకున్నాక ఇంట్లో పెళ్ళాం ఒప్పుకోలేదని ఎట్లా చెప్పడం? దుకాణం వెనక గదిలో ఒక పాత ఫ్రిజ్జు ఉంది. అందులో కూరగాయల విత్తనాలు, అమ్మగా మిగిలిన మక్కజొన్న విత్తనాలు పెట్టేవాణ్ణి. ఆ మక్కకు పురుగు పట్టకుండా గులాబీరంగు మందు పూత ఉంటుంది. ముట్టుకుంటే వేళ్ళకు అంటుతుంది. కవర్లన్నీ తెచ్చి వాటి పై అరలో పెట్టాను. ప్లాస్టిక్ సంచిలో చుట్టాను కదా, ఏమీ కాదులే అనుకున్నాను. కింది అరలో విత్తనాలు తీసిన చేతులతోనే పై అరలో కవర్లు సర్దేవాణ్ణి. హిమజ వచ్చే రోజు మాత్రం పొద్దున్నే అన్నీ పైకి మోసి, పై నుంచి తెచ్చినట్టుగా తెచ్చి ఇచ్చేవాణ్ణి. ఒకటి కాదు రెండు కాదు, పద్దెనిమిది నెలలు ఇట్లా నటించాను.

బాలనర్సయ్యకు ఇదేమీ తెలియదు. కవర్లు బల్ల దగ్గర నా చేతికిచ్చి పోయేవాడు. మా మెట్లు అతను ఎప్పుడూ ఎక్కలేదు. ఎక్కమని నేనూ అనలేదు. ఆ సిగ్గు వేరే ఉంది, దాని గురించి రాయడం మొదలుపెడితే ఇది తెగదు.

రెండో ఏడు మక్క విత్తే రోజుల్లో ఒక పొద్దున బాలనర్సయ్య రొప్పుకుంటూ వచ్చాడు. రెండు చేతుల్లో కవర్లు. ఒకే చేలో పదకొండు గువ్వలు చచ్చి పడి ఉన్నాయట. విత్తిన గింజలు ఏరుకుని తిన్నట్టున్నాయి, ఒకదాని నోట్లో గులాబీరంగు గింజ ఇంకా ఉందట. జేబులోంచి గింజలు తీసి బల్ల మీద ఒక కుప్ప పోశాడు. తర్వాత పదకొండు చింతగింజలు పక్కన విడిగా పేర్చాడు.

"గీటిని బతికిన లెక్కల కలుపకు" అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "గా ఇత్తనాలు ఎవలమ్మిన్రు సేటూ?" అన్నాడు.

"మస్తు మంది అమ్ముతరు నర్సయ్యా" అన్నాను. ఆ చేను గల రైతు విత్తనాలు నా దగ్గరే కొన్నాడు. ఆ పదకొండు గువ్వలూ ఆ విత్తనాల సంచి పైనే, నా పాత ఫ్రిజ్జులోనే పడుకున్నాయి.

రెండు వేల ఇరవై నాలుగు మార్చిలో హిమజ మంచుపెట్టె లేకుండా వచ్చింది. అరుగు మీద కూర్చుంది. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు. బాలనర్సయ్య అప్పుడే నడక ముగించుకుని వచ్చి నిలబడ్డాడు. బచ్చన్నపేట కవర్లన్నీ పారేయాల్సి వస్తోందని ఆమె చెప్పింది. సరిచూసుకోవడానికి ఆమె ప్రతినెలా మందు సోకని కోడి ఈకల కవరు ఒకటి బాలనర్సయ్యకు ఇచ్చేది. నడిచినంతసేపూ అది అతని సంచిలో ఉండాలి, తర్వాత మిగతా కవర్లతో పాటే ఫ్రిజ్జులో ఉండాలి. పరీక్షలో ఆ కోడి ఈకల్లో కూడా మందు తేలింది. అంటే పిట్టల ఒంట్లో ఎంత ఉందో, బయట నుంచి అంటింది ఎంతో చెప్పడానికి వీల్లేదు. తండాలో ఇదే పని చేసే టీక్యా ఏరినవి బాగున్నాయి, టేకుమట్లవి బాగున్నాయి. పాడయింది మావొక్కటే.

"గా పదకొండు గువ్వలు?" అన్నాడు బాలనర్సయ్య.

"అవి గూడ పనికిరావు కాకా" అంది హిమజ. ఏడుపు ఆపుకుంటోంది. "ఎక్కడ అంటిందో నాకు తెల్వాలె. నువ్వు ముట్టుకున్నప్పుడన్న అంటాలె, పెట్టిన కాడన్న అంటాలె. నిజం చెప్పు కాకా, నడుమల ఎప్పుడన్న మందు కొట్టడానికి పోయినవా?"

"మనుమరాలి మీద ఒట్టు బిడ్డా, పంపు ముట్టలే."

ఆమె నా వైపు తిరిగింది. "అంకుల్, కవర్లు పైన ఇంట్లనే పెట్టిన్రు గదా?"

వెనక గది తలుపు నాకు మూడడుగుల దూరంలో ఉంది. లేదమ్మా, అదిగో అక్కడ పెట్టాను అని చెయ్యెత్తి చూపిస్తే అయిపోయేది.

"పైననేనమ్మా, దేవుని అర్ర పక్కన" అన్నాను.

అంతటితో ఆగినా కొంత బాగుండేది. ఆమె ఇంకా నన్నే చూస్తోంది. ఆ చూపు తప్పించుకోవడానికి నా నోటి నుంచి ఇంకో మాట వచ్చింది. "ముప్పై ఏండ్లు మందు కొట్టిన చేతులమ్మా. కడిగితే పోతదా? ఒంట్లకు ఇంకి, చెమటల వస్తుండొచ్చు."

ఎవరూ చెప్పని మాట, ఎక్కడా చదవని మాట. నిలబడ్డ చోట పుట్టించాను. "అట్ల ఉంటదో లేదో నాకు తెల్వది అంకుల్" అని హిమజ లేచింది. బాలనర్సయ్య తన అరచేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. తర్వాత జేబుల్లోని గింజల్ని బల్ల మీద పోయబోయి, బల్లకు చెయ్యి తగలకుండా వెనక్కి తీసుకున్నాడు. నేను చూశాను. చూసి, రసీదు పుస్తకం సర్దుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పకపోతే మళ్ళీ మంచివాణ్ణవుతాను. కవర్లను నేను కావాలని పాడుచేయలేదు. కానీ పదకొండు గువ్వల లెక్క ఇక ఎవరూ తీయరని తెలిశాక నా గుండె కాస్త తేలికపడింది. ఆ విత్తనాలు ఎవరు అమ్మారని ఇక ఎవరూ అడగరు కదా. థూ నా బతుకు!

హిమజ మా దగ్గర పని ఆపేసింది. బాలనర్సయ్య మళ్ళీ అరుగు మీదకు రాలేదు. ఎక్కడో మామిడితోటకు కావలి పోతున్నాడని విన్నాను. బజారులో ఎదురుపడితే పక్కకు తప్పుకునేవాడు. నా మీద కోపం ఉందనుకున్నాను, అదీ ఒకందుకు మంచిదేలే అనుకున్నాను. ఎవరి పనిలో వాళ్ళుంటే కొన్నాళ్ళకు అన్నీ సర్దుకుంటాయని నాకు నేనే చెప్పుకున్నాను. ఏడాదిన్నర గడిచింది.

పోయిన అక్టోబరులో ఒక పొద్దున అతనే దుకాణానికి వచ్చాడు. అరుగు ఎక్కలేదు. కింద, ఎండలో నిలబడ్డాడు. వేరే బేరగాళ్ళు పోయేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగాడు.

"సేటూ, పరేషాన్ జేస్తున్ననని అనుకోకు. చేతులల్లకెల్లి మందు గుంజే మందు ఏమన్న వచ్చిందా?"

నాకు అర్థం కాలేదు. "ఏ మందు?"

"నువ్వే అంటివి గదా, ఒంట్లకు ఇంకిందని. సున్నంతోని కడిగిన, సోడతోని కడిగిన, గాసునూనెతోని కడిగిన. జనగామ దవాఖానల అడిగితె డాక్టరు నవ్విండు. పురుగును సంపేది నీ తాన ఉన్నప్పుడు, దాన్ని తీసేది గూడ నీ తాన్నే ఉంటది గదా అని వచ్చిన."

చేతులు చాపి చూపించాడు. వేళ్ళ సందుల్లో తోలు పగిలి రక్తం చెమ్మ కనబడుతోంది. అరచేతులు తెల్లగా పాలిపోయి, గీతలు కూడా అరిగిపోయినట్టున్నాయి. భాగ్యమ్మ తన కోసం వేరే చెంబు, వేరే పళ్ళెం పెట్టిందని, తనే పెట్టమన్నానని చెప్పాడు. కోళ్ళకు గింజలు కూడా వేయడం లేదట. "మనుమరాలిని ఎత్తుకోక ఏడాదిన్నర దాటె సేటూ. పసి పాణం గదా. నా చెమట తాకితే ఏమన్న అయితదేమోనని దగ్గరికే రానిస్తలేను."

అప్పుడైనా చెప్పానా? లేదు. అలమారలోంచి పగుళ్ళకు రాసుకునే మలాము డబ్బా తీసి, బల్ల చివర పెట్టాను. "రాస్కో, ఏం గాదు తియ్యి" అన్నాను. అతను డబ్బాను తువ్వాల కొసతో పట్టుకున్నాడు, నాకేమైనా అంటుతుందేమోనని. దండం పెట్టి పోయాడు. నాకు దండం పెట్టాడు!

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని కలిపిందే కలుపుతున్నాను. ఏమైందని సరస్వతి అడిగింది. మొత్తం చెప్పేశాను. చెబుతూ చెబుతూ చివరకు, "నువ్వు గా కవర్లను కిందికి పంపియ్యకపోతే ఇంత వస్తుండెనా?" అన్నాను. చూడండి, అప్పటికీ ఇంకొకరి మీదికి నెట్టాలనే చూశాను.

ఆమె గరిటె కింద పెట్టింది. "కిందికి పంపియ్యమన్నది నేనే. అబద్ధమాడమన్ననా? ఆయన చేతులకు మందున్నదని చెప్పమన్ననా?" అంది. ఆమె పళ్ళెం తీసేసింది, మారు వడ్డించలేదు.

ముందు హిమజకు ఫోన్ చేశాను. బాలనర్సయ్య ముఖం చూసి చెప్పడం కంటే అది సులువని చేశాను, ఇంకేమీ కాదు. ఆ పాత ఫ్రిజ్జు సంగతి, విత్తనాల సంగతి, మెట్ల మీద మోసిన సంగతి అన్నీ చెప్పాను. 

"నాకు పోయింది రెండేండ్ల పని అంకుల్" అంది. "కాకకు చెప్పిన్రా?"

"ఇంక లేదమ్మా."

"మరి నాకెందుకు చెప్తున్నరు?" అని పెట్టేసింది. తలకొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున్నే బండి తీసి వాళ్ళ ఊరికి పోయాను. ఇన్నేళ్ళలో ఆ ఇంటి వాకిట్లో నేను కాలుపెట్టడం అదే మొదటిసారి. బాలనర్సయ్య వేపచెట్టు కింద ఒంటరిగా గోనెసంచి మీద కూర్చుని ఉన్నాడు. పక్కన అతని చెంబు. భాగ్యమ్మ అరుగు మీద బియ్యం చెరుగుతోంది. మూడేళ్ళ పూజ ఆమె పక్కన కూర్చుని నూకలు ఏరి కోడిపిల్లలకు వేస్తోంది. నన్ను చూసి మొగుడూ పెళ్ళాలిద్దరూ కంగారుగా లేచారు. కుర్చీ తేబోతుంటే వద్దన్నాను. కూర్చుంటే చెప్పలేనని నాకు తెలుసు.

"నర్సయ్యా, నీ చేతులల్ల ఏం లేదు. కవర్లు నేను దుకాణంల ఇత్తనాల ఫ్రిజ్జుల వెట్టిన. గాడ అంటింది మందు. హిమజమ్మ అడిగిన నాడు నా పేరు బయటపడ్తదని నీ మీదికి నూకిన. ఒంట్లకు ఇంకిందన్న మాట నేను పుట్టించిన. అసొంటిది ఏం లేదు" అన్నాను. దారంతా బండి మీద మననం చేసుకుంటూ వచ్చిన మాటలు. ఒక్క గుక్కలో అనేశాను.

ముందు భాగ్యమ్మకు అర్థమైంది. చేట నేలకేసి కొట్టింది. "నీ నోట్ల మన్నువడ! నీ దుకాణం మీద మన్నువొయ్య! మా ముసలోడు రాత్రి పగలు చేతులు కడిగి కడిగి తోలు ఊసిపాయె. పండుగ నాడు బువ్వ గూడ మాతోని కూసోని తినకపాయె. ఏం పాపం జేసిండని నీకు? నువ్వు మనిషివేనా?" అంటూ మీదికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"ఆగవే" అన్నాడు బాలనర్సయ్య. "నన్ను ఒక్కటి అడుగనియ్యి." లేచి నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. కోపం వస్తుందని చూశాను. రాలేదు. "సేటూ, సుట్టు దిప్పి చెప్పకు. నా చేతులల్ల మందు ఉన్నదా, లేదా?"

"లేదు నర్సయ్యా."

"మనుమరాలిని ఎత్తుకోవచ్చునా?"

"ఎత్తుకోవచ్చు."

నా వైపు మళ్ళీ చూడలేదు. పంచెకు చేతులు తుడుచుకున్నాడు. అరుగు దగ్గరికి పోయి, పిల్లకు ఎదురుగా గొంతుకూర్చున్నాడు. పగిలిన చేతులు రెండూ ముందుకు చాపి, "దా బిడ్డా, తాత ఎత్తుకుంటడు దా" అన్నాడు. 

పూజ లేచి రెండడుగులు వెనక్కి వేసింది. భాగ్యమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని వెనక దాక్కుంది. అక్కడి నుంచి తల బయటపెట్టి, తాతకు తెలియని సంగతి తాతకు చెబుతున్నట్టు, చాలా బుద్ధిగా చెప్పింది.

"వద్దు తాతా. ముట్టుకోవద్దు. నీ చేతులకు మందున్నది, నేను సచ్చిపోత."

బాలనర్సయ్య చాపిన చేతులు చాపినట్టే ఉండిపోయాయి. పిల్లకు ఆ మాట నేర్పింది అతనే. అతనికి నేర్పింది నేను.